మోహన్ బగాన్‌తో ఓటమి మింగుడుపడని గుణుపూర్ తమ్ముడికి

గుణుపూర్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. మొన్న ఆదివారం, 2025 ఫిబ్రవరి 23న, కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో భువనేశ్వర్ ఫుట్‌బాల్ క్లబ్బు ఒడిశా ఎఫ్‌సీ 0-1తో కోల్‌కతా క్లబ్బు మోహన్ బగాన్ చేతిలో ఓడిపోయింది. గోలు పడింది 93వ నిమిషంలో. ఆ ఒక్క గోలుతో బగాన్‌కు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) షీల్డ్, అంటే లీగ్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే బహుమతి, ఖాయమైపోయింది. ఇంచుమించు అదే సమయానికి దుబాయ్‌లో కోహ్లీ సెంచరీ కొట్టి పాకిస్తాన్ మ్యాచ్ ముగించాడు. హాస్టలంతా కేకలు, వీధిలో బాణసంచా. ఈ తమ్ముడొక్కడే ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. అప్పటినుంచి అన్నం సహించడం లేదు, నిద్ర పట్టడం లేదు అంటున్నాడు. ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన రూమ్మేట్ బగాన్ అభిమాని. వాడు ఆకుపచ్చ-మెరూన్ స్టేటస్ పెడితే మాటామాటా పెరిగి ఇద్దరికీ మాటల్లేవు. ఆవేశంలో మన డిఫెండర్ ఒకరి ఇన్‌స్టాగ్రామ్‌లో బూతులు రాశాడట. పార్వతీపురంలో ఉన్న మేనమామకు ఫోన్ చేసి బాధ చెప్పుకుంటే, "తెలుగోడివి, ఆ ఒడియా టీముతో నీకేం పనిరా, క్రికెట్ చూసుకో" అన్నాడట. చివరికి, "మాస్టారూ, ఇక ఫుట్‌బాల్ చూడటమే మానేయాలా?" అని అడిగాడు.

నేను పర్లాకిమిడిలో డ్రిల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. జిల్లా మ్యాచ్‌లకు చాలా ఏళ్లు రెఫరీగా ఉన్నాను. ఇప్పటికీ సాయంత్రం పూట పిల్లలకు ఆట నేర్పుతున్నాను. గెలిచిన పిల్లల కంటే ఓడిన పిల్లలతోనే ఎక్కువసేపు మాట్లాడాల్సి వస్తుంది కాబట్టి, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అనుభవం నాకు ఉందనుకుంటున్నాను.

తమ్ముడూ, మానేయొద్దు. బాధపడటంలో తప్పేమీ లేదు. నీ జట్టు పది మందితో మిగిలి, చివరిదాకా గోడ కట్టుకుని నిలబడి, ఇంజురీ టైమ్‌లో గోలు ఇచ్చేస్తే గుండె పిండినట్టు ఉండకపోతే నువ్వు అభిమానివే కావు. కానీ నీ కోపం పోవాల్సిన చోటికి పోలేదు. రూమ్మేట్ మీదికి పోయింది, ఒక ఆటగాడి మీదికి పోయింది, ఇప్పుడు ఆట మీదికే పోతోంది. మ్యాచ్ ఎక్కడ చేజారిందో తెలిస్తే కోపం దానంతటదే సరైన చోట కూర్చుంటుంది. అందుకే ముందు మ్యాచ్ గురించే మాట్లాడతాను.

నిన్ను ఇంతగా కాల్చింది ఈ ఒక్క ఓటమి కాదని నాకు తెలుసు. 2024 ఏప్రిల్ 28 కూడా నీ మనసులో ఉంది. అదే సాల్ట్ లేక్, అదే బగాన్, ఐఎస్ఎల్ సెమీఫైనల్ రెండో లెగ్ (సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లు, రెండింటి గోల్స్ కలిపి లెక్క). అంతకు ఐదు రోజుల ముందు, ఏప్రిల్ 23న, భువనేశ్వర్ కళింగ స్టేడియంలో మనం 2-1తో గెలిచాం. మూడో నిమిషంలోనే బగాన్ ఆటగాడు మన్వీర్ సింగ్ గోలు కొట్టేశాడు, అయినా కార్లోస్ డెల్గాడో, రాయ్ కృష్ణ చెరో గోలుతో ఆట తిప్పారు. డ్రా చేసుకున్నా ఫైనల్‌కి వెళ్లిపోతాం అన్న ధీమాతో రెండో లెగ్ చూశాం. 22వ నిమిషంలో జేసన్ కమిన్స్ కొట్టాడు, మొత్తం స్కోరు 2-2. అవే గోల్ నిబంధన (స్కోరు సమమైతే పరాయి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టును గెలిపించేది) లేదు కాబట్టి ఇంకో నిమిషం గడిస్తే ఎక్స్‌ట్రా టైమ్. సరిగ్గా 93వ నిమిషంలో సహల్ అబ్దుల్ సమద్ కొట్టాడు. ఇప్పుడు మళ్లీ అదే మైదానంలో అదే నిమిషంలో దిమిత్రి పెట్రాటోస్. ఇలా రెండుసార్లు జరిగితే ఎవరికైనా ఏదో శాపం తగిలిందనే అనిపిస్తుంది.

శాపం ఏమీ లేదు. రెండు మ్యాచ్‌లలోనూ ఆ సమయానికి మన ప్రధాన సెంటర్ బ్యాక్‌లలో (గోలు ముందు నడుమ నిలబడే డిఫెండర్లలో) ఒకరు మైదానంలో లేరు, అదీ సంగతి. 2024 తొలి లెగ్ గుర్తు చేసుకో. గెలిచిన సంబరంలో చాలామంది మర్చిపోయారు గానీ, ఆ రోజు రెండు జట్లూ పది మందితో ముగించాయి. బగాన్‌లో అర్మాండో సాదికు, మనలో డెల్గాడో ఎర్ర కార్డు చూశారు. అంటే కోల్‌కతాలో జరిగిన రెండో లెగ్‌కు డెల్గాడో లేడు. బగాన్‌కు సాదికు లేకపోయినా గోలు కొట్టడానికి కమిన్స్ ఉన్నాడు, పెట్రాటోస్ ఉన్నాడు. మనకు డెల్గాడో పోతే అంతటి ఎత్తు, అంతటి అనుభవం ఉన్న ఇంకో మనిషి బెంచి మీద లేడు. మొన్న ఆదివారం 83వ నిమిషంలో ముర్తాదా ఫాల్ ఎర్ర కార్డుతో బయటికి పోయాడు. పది నిమిషాల తర్వాత గోలు పడింది. కాబట్టి 93వ నిమిషం గోలును 93వ నిమిషంలో వెతకొద్దు. 2024 ఓటమి కళింగలో గెలిచిన రాత్రే మొదలైంది. 2025 ఓటమి 83వ నిమిషంలో మొదలైంది.

పది మందితో ఆడే జట్టుకు చివర్లో ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే టీవీలో కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి ఇది సరిగ్గా కనపడదు. సాధారణంగా వెనక నలుగురు, వాళ్ల ముందు నలుగురు, పైన ఒక్కడు. ఆ పైనున్న ఒక్కడూ బంతిని పట్టి నిలపలేకపోతే, మన డిఫెండర్లు కొట్టిన ప్రతి క్లియరెన్సూ (ప్రమాదం తప్పించడానికి దూరంగా తన్నిన బంతి) తిరిగి మన మీదికే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ మన రెండు వరుసలూ రెండేసి అడుగులు వెనక్కి జరుగుతాయి. ఇలా నాలుగైదుసార్లు అయ్యేసరికి మిడ్‌ఫీల్డర్లు కూడా పెనాల్టీ బాక్సులోకి వచ్చి డిఫెండర్ల పక్కనే నిలబడిపోతారు. చూసేవాళ్లకు ఎనిమిది మంది అడ్డుగా ఉన్నారు కదా అనిపిస్తుంది. కానీ బాక్సు బయట డీ (బాక్సు అంచున గీసిన అర్ధచంద్రం) దగ్గర ఎవరూ ఉండరు. అవతలి జట్టువాళ్లకు తీరిగ్గా బంతి ఆపి, తల ఎత్తి చూసి, ఆడుకోవడానికి చోటు దొరికేది అక్కడే. దాంతో పాటు కాళ్లు పట్టేస్తాయి. మార్చుకోవడానికి సబ్‌స్టిట్యూట్లు మిగలరు. గోల్‌కీపర్ అమ్రిందర్ సింగ్ ఎంత మంచివాడైనా ముందు అంతమంది నిలబడితే బంతి బయలుదేరడమే చూడలేడు.

ఇంకో సంగతి. ఈ సీజన్‌లో రాయ్ కృష్ణ మోకాలి గాయంతో డిసెంబరులోనే ఆటకు దూరమయ్యాడు. కార్నర్ జెండా దగ్గరికి బంతి తీసుకెళ్లి, ఇద్దరిని వీపు మీద మోస్తూ, ఒక ఫౌల్ సంపాదించి నిమిషం తినేసే విద్య అతనిది. పది మంది మిగిలినప్పుడు జట్టుకు ఊపిరి పోసేది ఆ విద్యే. నీకు కోపం రావాల్సింది ఇక్కడ. జట్టు కూర్పులో ఒక డిఫెండర్‌కు, ఒక ఫార్వర్డ్‌కు సరిసమానమైన మారు మనిషి లేకపోవడం మీద రావాలి. అవతల బగాన్‌ను చూడు. ఈ గెలుపుతో 22 మ్యాచ్‌లకు 52 పాయింట్లు, వరుసగా రెండోసారి షీల్డ్. ఇంతకుముందు ఏ జట్టూ షీల్డ్‌ను నిలబెట్టుకోలేదు. అంత పెద్ద బెంచి ఉన్న జట్టును వాళ్ల సొంత మైదానంలో, షీల్డ్ రాత్రి, 93వ నిమిషం దాకా గోలు కొట్టనివ్వలేదు మనవాళ్లు. ఇది ఓదార్పుకు చెప్పే మాట కాదు. కోచ్ సెర్జియో లొబేరా మన జట్టును ఎంత క్రమశిక్షణగా నిలబెట్టాడో చెప్పడానికి అంటున్నాను.

రెఫరీ మోసం చేశాడని కూడా రాశావు. నేను రెఫరీని కాబట్టి ఇది దాటవేయలేను. ఆ మ్యాచ్‌లో వీఏఆర్ (వీడియో చూసి రెఫరీ నిర్ణయాన్ని సరిచూసే పద్ధతి) లేదు. నువ్వు ఐదు కోణాల్లో, స్లో మోషన్‌లో చూసినదాన్ని ఆయన ఒక్కసారి, పరుగెత్తుతూ, ఒకే కోణంలో చూస్తాడు. తప్పులు జరుగుతాయి, జరిగాయి కూడా. కానీ ఎర్ర కార్డు చూడగానే తిట్టే ముందు మేము ఏం చూస్తామో తెలుసుకో. స్పష్టమైన గోలు అవకాశాన్ని ఫౌల్‌తో ఆపాడా అన్నది తేల్చడానికి నాలుగు చూస్తాం. ఫౌల్ జరిగిన చోటు నుంచి గోలుకు దూరం ఎంత? ఆట ఏ దిశగా సాగుతోంది? బంతి దాడి చేసేవాడి అదుపులో ఉందా, లేదా ఉండే వీలుందా? అడ్డుకోగల డిఫెండర్లు ఇంకా ఎంతమంది, ఎక్కడ ఉన్నారు? ఇకపై ఏ మ్యాచ్‌లో ఎర్ర కార్డు పడినా ఈ నాలుగూ అడుగుతూ వీడియో చూడు. అప్పటికీ రెఫరీ తప్పే అనిపిస్తే ధైర్యంగా అను, అందులో తప్పు లేదు. మన జట్టుకు ఒక న్యాయం, బగాన్‌కు ఒక న్యాయం మాత్రం వద్దు.

ఇప్పుడు మీ మేనమామ మాట. నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే, ఎందుకంటే మన సరిహద్దు ఊళ్లలో పుట్టిన ప్రతివాడూ ఏదో ఒక రోజు ఈ మాట పడ్డవాడే. ఇటు వెళ్తే తెలుగోడంటారు, అటు వెళ్తే ఒడిశావాడంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు కలిసింది, పాతపట్నం ఇటు మిగిలింది. మధ్యలో మహేంద్రతనయ నది. పెళ్లిసంబంధాలు, సంతలు, వైద్యం కోసం ప్రయాణాలు ఏవీ ఆ గీత దగ్గర ఆగలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రైల్లో హిందీ మాట్లాడే పిల్లలు నా దగ్గరికి రోజూ వస్తారు. వాళ్లలో ఎవరైనా ఒడిశా జెర్సీ వేసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అసలు ఆ జట్టులో ఒడియా మాట్లాడేవాళ్లు ఎంతమంది అని మీ మామయ్యను అడుగు. అమ్రిందర్‌ది పంజాబ్. జెర్రీ మావిహ్మింగ్‌తంగా, ఐజాక్ ఇద్దరిదీ మిజోరం. ఫాల్‌ది సెనెగల్, డెల్గాడోది స్పెయిన్, డియెగో మౌరిసియోది బ్రెజిల్. రాయ్ కృష్ణది ఫిజీ. బ్రిటిష్ వాళ్ల కాలంలో చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్లిన భారతీయుల వంశం అతనిది. ఈ క్లబ్బు కూడా భువనేశ్వర్‌లో పుట్టింది కాదు. ఢిల్లీ డైనమోస్‌గా ఉన్న జట్టు 2019లో ఇక్కడికి వచ్చి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఇలాంటి జట్టును తమదనుకోవడానికి గుణుపూర్ తెలుగు కుర్రాడికి ఎంత హక్కుందో కటక్ కుర్రాడికీ అంతే ఉంది.

హైదరాబాద్ జట్టును అభిమానించొచ్చు కదా అంటారు కొందరు. తప్పకుండా. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్ఎల్ ఫైనల్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన రోజు నేనూ ఆనందపడ్డాను. కానీ అభిమానం అనేది మనం చూడగలిగిన ఆటతో, వెళ్లగలిగిన మైదానంతో పెరుగుతుంది. గుణుపూర్‌లో పూరీ రైలెక్కి ఖుర్దా రోడ్‌లో దిగితే భువనేశ్వర్ పక్కనే. హైదరాబాద్ వెళ్లి మ్యాచ్ చూసి రావాలంటే నీ చదువు, మీ నాన్న జేబు రెండూ ఒప్పుకోవు.

మీ మామయ్యకు ఇంకో పేరు చెప్పు. తులసీదాస్ బలరామ్. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. కోల్‌కతా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు, 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు, రోమ్‌లో హంగేరీ మీద గోలు కొట్టాడు. బెంగాలీలు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆయన అక్కడే ఉత్తర్‌పారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా ఉన్నారు. నీ భాష ఏది, నీకీ జట్టుతో ఏం పని అని ఆ గ్యాలరీలు ఆయన్ని అడగలేదు.

ఆయన ఆడిన జట్టు గురించి చెప్పాల్సింది ఇంకా ఉంది, అది నీ బాధకు నేరుగా పనికొస్తుంది. 1962 జకార్తా ఆసియా క్రీడలు. కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. అప్పుడు ఫోన్లు, స్టేటస్‌లు లేవు గానీ, జట్టులో ఉన్నవాళ్లకు ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో ఊహించు. ఆ తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను దాటి ఫైనల్‌కి వెళితే, ఎదురుగా మళ్లీ అదే కొరియా. తలకు గాయమై కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాహెబ్ సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1, స్వర్ణం. మొదటి ఓటమి రహీమ్ సాహెబ్‌కు కొరియా ఎలా ఆడుతుందో చూపించింది, దాన్ని ఆయన వాడుకున్నారు.

అంత దూరం పోనక్కర్లేదు, మన జట్టునే చూడు. 2023 సెప్టెంబరులో ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ కప్‌లో ఇదే బగాన్ మన కళింగకు వచ్చి 4-0తో కొట్టి వెళ్లింది. ఆ రాత్రి కూడా చాలామంది ఇక చూడం అన్నారు. నవంబరు 27న మనవాళ్లు సాల్ట్ లేక్ వెళ్లి 5-2తో గెలిచారు. సెప్టెంబరులోనే మానేసినవాళ్లు ఆ ఐదు గోల్స్ చూడలేదు.

మహిళల జట్టు గురించి ఒక మాట. ఒడిశా ఎఫ్‌సీ అమ్మాయిలు 2023-24 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచారు. ఈ ఓటమి మీద పేజీలు పేజీలు రాస్తున్న మన అభిమానులు ఆ గెలుపు మీద ఒక్క వాక్యం కూడా రాయలేదని నాకు గట్టి బాధ ఉంది. వీలైతే వాళ్ల మ్యాచ్‌లు కూడా చూడు.

రూమ్మేట్ విషయానికి వస్తాను. వాడు స్టేటస్ పెట్టడం తప్పు కాదు. షీల్డ్ గెలిస్తే పెట్టుకోడా? నవంబరు 27న మనం గెలిచినప్పుడు నువ్వూ పెట్టే ఉంటావు. వాడు నీ మొహం మీద ఎగతాళి చేస్తే అది వేరే సంగతి, సూటిగా చెప్పు, ఈ రెండు రోజులు ఆ మాట ఎత్తొద్దని. చెబితే వింటారు, ఆట అంటే తెలిసినవాళ్లు తప్పకుండా వింటారు. కానీ ఫుట్‌బాల్ కోసం ఒకే గదిలో ఉన్నవాళ్ల మధ్య మాటలు తెగడం ఎక్కడిదాకా పోతుందో కోల్‌కతాకు బాగా తెలుసు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ జరుగుతుంటే మైదానంలో రేగిన గొడవ గ్యాలరీకి పాకింది. కొట్లాటలో, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. ఆట చూద్దామని ఇంట్లో చెప్పి వచ్చినవాళ్లు. ప్రతి ఏడాదీ ఆ రోజున బెంగాల్‌లో వాళ్ల పేరు మీద రక్తదానం చేస్తారు, రెండు జట్ల అభిమానులూ వస్తారు. మీ రూమ్మేట్ ఇంట్లో పెద్దవాళ్లకు ఆ రోజు గుర్తుండే ఉంటుంది, అడగమను. ఇద్దరూ కలిసి వినండి. మాటలు అక్కడి నుంచి మొదలవుతాయి.

ఇన్‌స్టాగ్రామ్‌లో నువ్వు రాసిన బూతులు ఇప్పుడే తీసేయి. ఈ జవాబు మిగతాది తర్వాత చదువు. దీనికి వివరణ అక్కర్లేదు, అయినా చెబుతాను. 1994 ప్రపంచ కప్‌లో అమెరికా మీద సెల్ఫ్ గోలు చేసిన కొలంబియా డిఫెండర్ ఆండ్రెస్ ఎస్కోబార్‌ను, ఇంటికి తిరిగొచ్చిన కొద్ది రోజులకే, జులై 2న, మెడెలిన్‌లో కాల్చి చంపారు. నీ తిట్టుకూ ఆ తుపాకీకీ పోలిక లేదని నువ్వు అనొచ్చు. కానీ అలాంటి తిట్లు వేలమంది ఒకే రాత్రి రాస్తే చదివేది ఒక్కడు. అతని పక్కన భార్య ఉంటుంది, ఆ ఫోను పిల్లల చేతిలో కూడా ఉంటుంది. పైగా నువ్వు తిట్టింది ఎవరిని? తొంభై నిమిషాలు నీ కోసం బంతికి అడ్డంగా ఒళ్లు పెట్టినవాడిని. డిఫెండర్ బతుకు ఎలాంటిదంటే, ఇరవైసార్లు ఆపితే ఎవరికీ గుర్తుండదు, ఇరవై ఒకటోసారి జారితే ఊరంతా గుర్తు పెట్టుకుంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో డిఫెండర్‌గా ఆడతానని ముందుకొచ్చేవాడు అరుదు. కారణం ఇదే.

నిద్ర, తిండి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఓడిన రాత్రి ఫోన్ పక్కన పెట్టు, ఎందుకంటే ఆ రాత్రి ఎవరూ తెలివైన మాట రాయరు. మర్నాడు పొద్దున్నే ఒకసారి పరుగుకు వెళ్లు, వచ్చి కడుపునిండా తిను. వారం దాటినా ఇలాగే ఉంటే, చదువు మీద కూడా మనసు నిలవకపోతే, అది మ్యాచ్ టెన్షన్ ఒక్కటే అయి ఉండదు. ఇంట్లోవాళ్లతో చెప్పు, డాక్టర్‌ను కలువు. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఇక నువ్వు చేయాల్సిన పని. నీ ఉత్తరంలో, సాయంత్రం కాలేజీ వెనక మైదానంలో ఆడతానని ఒక్క ముక్క రాశావు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ముక్కే. వచ్చే ఆదివారం పదిహేను మందిని పోగు చెయ్యి. సగం మైదానం చాలు. ఒక వైపు ఎనిమిది మంది, ఇంకో వైపు గోల్‌కీపర్‌తో కలిపి ఏడుగురు. ఏడుగురి జట్టు ఒక గోలు ఆధిక్యంలో ఉన్నట్టు లెక్క, పది నిమిషాలు కాపాడుకోవాలి. మొదటి విడత ఎలాంటి షరతులూ పెట్టకు. మొన్న ఆదివారం మనవాళ్లకు జరిగిందే వీళ్లకూ జరుగుతుంది, మిడ్‌ఫీల్డర్లు వచ్చి వచ్చి బాక్సులో పడతారు, డీ ఖాళీ అవుతుంది.

రెండో విడతలో మూడు షరతులు పెట్టు. మిడ్‌ఫీల్డర్లలో ఒకడు ఏం జరిగినా డీ వదిలి లోపలికి రాకూడదు. క్లియరెన్స్ మధ్యలోకి కొట్టకూడదు, టచ్‌లైన్ వైపే కొట్టాలి. ముందున్న ఒక్కడికి బంతి అందితే గోలు వైపు చూడకూడదు, మూలకు తీసుకుపోయి వీలైనంతసేపు కాపాడాలి. మూడో విడతలో ఆ ముందున్నవాణ్ణి కూడా తీసేసి ఆరుగురితో ఆడించు, రాయ్ కృష్ణ లాంటివాడు లేకపోతే ఏమవుతుందో కళ్లకు కనపడుతుంది. మీ రూమ్మేట్‌ను ఎనిమిది మంది జట్టులో పెట్టు, నువ్వు ఏడుగురిలో సెంటర్ బ్యాక్‌గా నిలబడు. ఒక జూనియర్‌ను గట్టు మీద కూర్చోబెట్టి, మూడు విడతల్లోనూ బంతి బాక్సులోకి ఎడమ నుంచి ఎన్నిసార్లు, కుడి నుంచి ఎన్నిసార్లు, డీ మీదుగా ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీయమను. ఆ కాగితం ఫోటో తీసి ఇక్కడే పెట్టు. నాలుగో విడతకు ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో అది చూసి చెబుతాను.